సంఘం వదిలి లా చదవాలా? ముందు ఆ ‘వదిలి’ అన్న మాట తీసెయ్ తమ్ముడూ

తమ్ముడు అడిగింది పొట్టిగా చెప్తా, మిగతావాళ్ళకి అర్థమవ్వాలి కదా. వయసు 31, బీఏ అయ్యింది, 7 ఏళ్ళ నుంచి ఏజెన్సీలో గిరిజన సంఘంలో తిరుగుతున్నాడు, 14 కుటుంబాల భూమి కేసులు నడుస్తున్నాయి, పెట్టుకున్న ప్లీడరు గారు వాయిదా తేదీ తప్ప ఏమీ చెప్పట్లేదు, అందుకని నేనే లా చదివేస్తే ఎలా ఉంటుంది అక్కా, కానీ ఇంగ్లీషు రాదు, జనం ‘వీడు మమ్మల్ని వదిలేసి వెళ్ళాడు’ అనుకుంటారేమో, పైగా బతకడం ఎలా, చివర్లో ఆ ప్లీడర్ని మార్చాలా అని. ప్రశ్నలన్నీ కలిపేసి అడిగాడు, నేనూ కలిపేసే చెప్తా.

నేను 1996 నుంచి 2004 దాకా గోదావరి ఏజెన్సీలో సంఘం పని చేశా. తర్వాత లా, 2007 చివర్లో బార్ కౌన్సిల్లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యా. అంటే ప్రాక్టీసు పదిహేడేళ్ళు దాటింది, ఊళ్ళు తిరిగింది దాని ముందు 8 ఏళ్ళు. రెండూ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఇంకెవరైనా వేరేగా చెప్తే అదీ విను.

నేను లాకి ఎందుకెళ్ళానో చెప్తే నీ సగం ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 2003లో ఒక కొండరెడ్డి ముసలమ్మ కేసు, 3 ఎకరాల 40 సెంట్లు. అటువైపు గిరిజనేతరుడు. 1/70 రెగ్యులేషన్ నీకు తెలిసిందే, షెడ్యూల్డు ఏరియాలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు, వాడి స్వాధీనంలో ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. అందుకే వాళ్ళెప్పుడూ ఆ నిషేధం వచ్చిన 1970 ఫిబ్రవరికి ముందు తేదీ ఉన్న కాగితం ఒకటి పట్టుకొస్తారు, ఇదిగో మేము ఇంకో గిరిజనేతరుడి దగ్గర ఎప్పుడో కొనుక్కున్నాం, అప్పటికి మీ నిషేధం లేదు అని. ఈ ముసలమ్మ కేసులోనూ అంతే, 1967 తేదీతో రిజిస్టర్ కాని అమ్మకం కాగితం ఒకటి, పసుపు పచ్చగా, మడతల దగ్గర చిరిగిపోయి, చూస్తే నిజంగానే పాతది అనిపించేలా ఉంది. నేను వెనక బెంచీ మీద కూర్చుని జిరాక్సు చదువుతున్నా. నాలుగో లైనులో హద్దులు రాసేచోట ఫలానా గ్రామం, ఫలానా మండలం అని ఉంది.

మండలాలు వచ్చింది 1985లో, ఎన్టీఆర్ హయాంలో. 1967లో మండలం ఎక్కడిది, అప్పుడు తాలూకాలు, ఫిర్కాలు.

నాకు చేతులు వణికాయి. మా ప్లీడరు గారి కోటు పట్టుకు లాగి చెప్పా, ఆయన ‘ఆఁ చూద్దాం అమ్మా, మధ్యాహ్నం’ అన్నారు. మధ్యాహ్నం ఆయనకి ఇంకో కోర్టులో పని పడింది. నేను లేచి చెప్పబోతే బెంచి క్లర్కు ‘పార్టీయా, వకీలా, ఎవరమ్మా నువ్వు’ అన్నాడు. నేను పార్టీని కాను, వకీల్ని కాను. కూర్చున్నా. రెండు నెలలకి ఆర్డరు వచ్చింది, పిటిషనరు పక్షం సదరు కాగితాన్ని వివాదం చెయ్యలేదు కాబట్టి అని రాసి కొట్టేశారు. ఆ ముసలమ్మ నన్ను ఏమీ అనలేదు, టీ ఇప్పించింది.

మరుసటేడు లాసెట్ రాశా, అదే లా ఎంట్రన్సు.

ఇది చదివి ‘అయితే లా చదవాల్సిందే’ అనేసుకోకు, ఈ కథ ఇంకా ఉంది, రెండో సగంలో తప్పు నాది. ముందు నీ పని మాటలు కొన్ని చెప్పేస్తా.

వయసు గురించి బెంగ పెట్టుకోకు, మన రెండు రాష్ట్రాల లాసెట్‌కీ పై వయసు హద్దు లేదు. బీఏ ఉంది కాబట్టి 3 ఏళ్ళ ఎల్ఎల్‌బీ. డిగ్రీలో మార్కులు ఓసీకి 45 శాతం, బీసీకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 ఉండాలి. పేపర్లో 120 ప్రశ్నలు, గంటన్నర టైము, తెలుగులో కూడా ఉంటుంది. రోజూ పేపర్ చదివేవాడివి, రాజ్యాంగం గురించి మీటింగుల్లో మాట్లాడేవాడివి, రెండు నెలలు కూర్చుంటే వచ్చేస్తుంది. కరెస్పాండెన్స్ లా అని ఎవడైనా చెప్తే పారిపో, దాంతో ఎన్‌రోల్‌మెంట్ రాదు. రెగ్యులర్ కాలేజీయే, 70 శాతం హాజరు ఉండాలి. కాలేజీకి వెళ్ళక్కర్లేదు డబ్బు కట్టు చాలు అనేవాళ్ళు దొరుకుతారు, రేపు ఇంకొకరి దొంగ కాగితాన్ని పట్టుకోవాల్సిన మనిషివి, మొదటి దొంగ కాగితం నీదే కాకూడదు.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఇదివరకు బార్ కౌన్సిళ్ళు వేలకి వేలు గుంజేవి. 2024 జులై 30న సుప్రీం కోర్టు అడ్వకేట్స్ చట్టంలో రాసినంతే తీసుకోవాలంది, అంటే జనరల్‌కి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు. ఆ తీర్పు తేదీ గుర్తు పెట్టుకుని వెళ్ళు. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంటుంది, మా బ్యాచికి లేదు, 2010 తర్వాత వచ్చింది. నోట్సు లేని బేర్ యాక్టులు, అంటే ఉత్త చట్టం పుస్తకాలు, లోపలికి తీసుకెళ్ళనిస్తారు, కాబట్టి అది బట్టీ పరీక్ష కాదు, ఏ సెక్షను ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి అంతే.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని ముక్క ఒకటి. ఎన్‌రోల్ అయ్యాక నువ్వు ఎక్కడా ఫుల్‌టైం జీతం తీసుకోకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 49. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఎన్జీవోలో కోఆర్డినేటరుగా జీతం తీసుకుంటూ కోటేసుకుని కోర్టుకి కూడా వచ్చేవాళ్ళు, అటువైపు ప్లీడరు కనిపెట్టి కంప్లైంట్ పెట్టాడు, కేసు సంగతి పక్కకి పోయి వీళ్ళ సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు సంగతి ముందుకొచ్చింది. కాబట్టి సంఘం నీకు నెలనెలా ఏదైనా ఇస్తుంటే, ఆ రోజుతో అది ఆగుతుంది అని ఇంట్లో ఇప్పుడే చెప్పుకో. సంఘంలో సభ్యుడిగా ఉండటానికి, మీటింగుకి వెళ్ళడానికి, జీతం లేని పదవికి ఏ అడ్డూ లేదు.

మరి బతుకు? మొదటి మూడేళ్ళు ఏమీ రాదు అనుకునే దిగు. నాకు సీనియరు గారు ఇచ్చింది బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం క్యారేజీ. నాలుగో ఏట నుంచి చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ క్లెయిములు, భార్యాభర్తల మెయింటెనెన్సులు. ఇప్పటికీ నా ఏజెన్సీ కేసులకి డీజిలు పోసేది ఆ చెక్ బౌన్సు (138 సెక్షను) కేసులే. ‘హక్కుల లాయరు’ అని విజిటింగ్ కార్డు ఉన్నవాడు కూడా ఇల్లు గడవడానికి వేరే కేసులు చేస్తాడు, అందులో నామోషీ ఏమీ లేదు. జిల్లా లీగల్ సర్వీసెస్‌లో ప్యానెల్‌కి పెట్టుకో, ఫీజు తక్కువే గానీ మన జనం అక్కడికే వస్తారు, 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇవ్వాలి. నువ్వు లా చదివేలోపు కూడా అక్కడే పారా లీగల్ వాలంటీరుగా చేరొచ్చు, కోర్టు గాలి అలవాటవుతుంది.

సీనియరు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఆదర్శాలున్న సీనియరు కోసం వెతక్కు, ట్రయల్ తెలిసిన సీనియరు కోసం వెతుకు. నేను చేరింది ఒక సివిల్ ప్లీడరు దగ్గర, ఆయన క్లయింట్లలో సగం మంది పెద్ద రైతులు, షావుకార్లు. మా సంఘంలో కొందరు నాతో మాట్లాడటం మానేశారు కూడా. కానీ పాత కాగితం ఎలా పుడుతుందో, స్టాంపు పేపరు వెనక వెండర్ ముద్ర ఎందుకు చూడాలో, శిస్తు రశీదుకీ అడంగల్‌కీ (ఎవరి భూమి ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డు) పేరు ఎందుకు తేడా వస్తుందో, సాక్షిని మూడు ప్రశ్నలతో ఆపెయ్యడం ఎలాగో నాకు నేర్పింది ఆ ఆఫీసే. ఏజెన్సీ కేసులు ఆయన తీసుకోకూడదని చేరేరోజే మాట తీసుకున్నా. నవ్వి ఒప్పుకున్నాడు.

ఇంగ్లీషు. దీని గురించి భయపడాల్సింది ఉంది, కానీ నువ్వు భయపడే చోట కాదు. హైకోర్టులో ఇంగ్లీషే, నిజమే, అది ఐదారేళ్ళలో వస్తుంది, డ్రాఫ్టింగు ఇంగ్లీషు మహా అయితే నాలుగొందల మాటలు, అవే తిరుగుతాయి. అసలు ప్రమాదం కింద కోర్టులో. సాక్షి తెలుగులో చెప్తాడు, చాలా చోట్ల రికార్డయ్యేది ఇంగ్లీషులో. మనవాళ్ళు ‘ఆ భూమి వాళ్ళకి ఇచ్చాం’ అంటారు. ఇచ్చాం అంటే ఆ ఏడు జీడిమామిడి ఫలసాయం తీసుకోమని ఇచ్చాం అని, లేకపోతే అప్పు తీరేదాకా దున్నుకోమని ఇచ్చాం అని. ఊళ్ళో అందరికీ అది తెలుసు. డిక్టేషన్‌లో మాత్రం అది ‘అమ్మితిని’ అన్న అర్థంలోకి దిగిపోతుంది. తాకట్టయినా కౌలయినా గిరిజనేతరుడికి చేస్తే 1/70 కింద చెల్లదు, ఆ సంగతి వేరే, కానీ ఒకసారి అమ్మాను అని రికార్డయితే అటువైపు వాడు దాని మీద కథ మొత్తం అల్లుతాడు. అప్పుడు లేచి, అయ్యా సాక్షి చెప్పిన మాట ‘ఇచ్చాం’, దాన్ని తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాయించండి అని అడగాలి. ఆ అడగటానికి ఇంగ్లీషు అక్కర్లేదు, ఊరి మాట తెలియాలి. బాగా ఇంగ్లీషు వచ్చిన ప్లీడర్లకి చాలామందికి అక్కడేం జరిగిందో కూడా తెలియదు.

ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో కూడా ఇదే. తిట్టిన మాట చెప్పడానికి బాధితులు సిగ్గుపడతారు, స్టేషన్‌లో రైటరు ‘కులం పేరుతో దూషించినాడు’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఏ మాట అన్నాడు, ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరు విన్నారు, తిట్టినవాడిది ఏ కులం అన్నది ఫిర్యాదులో లేకపోతే ఆ కేసు క్వాష్ దగ్గరే, అంటే విచారణకి ముందే హైకోర్టులో కొట్టేయించుకునే దగ్గరే, పోయే ప్రమాదం ఉంది. నలుగురికి కనపడే వినపడే చోట జరగాలని ఆ చట్టం 3(1)(ఆర్), (ఎస్) రెండింట్లోనూ ఉంది, నాలుగ్గోడల మధ్య ఎవరూ లేనప్పుడు తిట్టింది దాని కిందకి రాదని 2020లో సుప్రీం కోర్టు చెప్పేసింది. కేసు డీఎస్పీ దర్యాప్తు చెయ్యాలి, 60 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి, నిందితుడు బెయిలు అడిగితే బాధితుడికి నోటీసిచ్చి వినాలి, 15ఏ సెక్షను. ఇవన్నీ నీకు నోటికి వచ్చే ఉంటాయి, సంఘం వాళ్ళకి చట్టం ప్లీడర్ల కన్నా బాగా తెలుసు చాలాసార్లు. మనకి తెలియనిది సాక్ష్యం.

ఇది సొంత దెబ్బ తిని చెప్తున్నా. సంఘంలో ఉన్నప్పుడు ఒక దాడి కేసులో కొట్టింది ఆరుగురు. మేము ఏడో పేరు కూడా రాయించాం. ఆ ఏడోవాడే వెనక ఉండి చేయించాడని ఊరంతా అనుకుంది, మేమూ నమ్మాం, బహుశా నిజమే కూడా. కానీ ఆ రాత్రి వాడు వేరే ఊళ్ళో పెళ్ళిలో ఉన్నాడు. ట్రయల్‌లో పెళ్ళి వీడియో క్యాసెట్ వచ్చింది, వాడు వడ్డన చేస్తున్నాడు అందులో. ఏడో పేరు అబద్ధమైతే ఆరు పేర్లు నిజమని ఎలా నమ్మేది అంది కోర్టు. ఆరుగురూ ఇంటికెళ్ళిపోయారు. సభలో మనం ‘వీళ్ళందరూ’ అంటాం, ఫిర్యాదులో ‘అందరూ’ అన్న మాటే ఉండకూడదు. సంఘం మనిషి లాయరు కావడంలో నాకు కష్టమనిపించింది ఇదొక్కటే నిజానికి, చదువు కాదు. నీకు నిజమని తెలిసిన దాన్ని కూడా రుజువు లేకపోతే నోరు మూసుకుని వదిలెయ్యాలి, పక్కన కూర్చున్నవాళ్ళు నీ వంక చూస్తుంటారు.

మన దగ్గర ఈ దారిలో నడిచినవాళ్ళు లేకపోలేదు. బాలగోపాల్ గారు వరంగల్‌లో లెక్కల్లో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి, 1983 నుంచి 15 ఏళ్ళు పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి, ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతి ఊరికీ బస్సెక్కి పోయి, శవం ఎటు తిరిగి పడుంది, ముందు రోజు ఎవరు ఎక్కడ పట్టుకెళ్ళారు అని అడిగి రాసుకున్నవాడు. నలభై దాటాక నల్లకోటు వేసుకున్నాడు. 1998లో మానవ హక్కుల వేదిక పెట్టాడు, 2009 అక్టోబర్ 8న పోయేదాకా హైకోర్టులో ఏజెన్సీ వాళ్ళ కేసులు, ఉద్యోగాలు పోయినవాళ్ళ కేసులు చేస్తూనే ఉన్నాడు. ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే పోలీసుల మీద హత్య కింద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది వాళ్ళు తర్వాత కోర్టులో చూపించుకోవాలి అని 2009 ఫిబ్రవరిలో హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పిందే, అది ఆయన వాదించిన కేసు. సుప్రీం కోర్టు వెంటనే స్టే ఇచ్చింది, అది వేరే ఏడుపు. కానీ నా లెక్కలో ఆ వాదన లా కాలేజీలో తయారైంది కాదు, అన్నేళ్ళ నిజనిర్ధారణల్లో తయారైంది. నిజనిర్ధారణ అంటే ఏంటి? రెండు వైపులా వెళ్ళాలి, పోలీసుల్ని కూడా అడగాలి, విన్నది వేరు చూసింది వేరు అని విడిగా రాయాలి. ఎవిడెన్స్ యాక్టు (2024 జులై నుంచి దాని చోట భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది) చెప్పేదీ అదే కదా.

కన్నబిరాన్ గారిది తిరగేసిన దారి, ముందు ప్లీడరు, తర్వాత ఉద్యమం, 1978 నుంచి 1994 దాకా పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు. బొజ్జా తారకం గారు నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేస్తూనే కూలీల్ని, యువకుల్ని సంఘాలుగా కట్టారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళారు, 1985 జులైలో కారంచేడులో దళితుల హత్యలు జరిగాక హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి దళిత మహాసభకి వచ్చారు. ముగ్గురివీ మూడు దారులు, ఎవరిదీ కాపీ కొట్టలేం.

చుండూరు గురించి కూడా ఒక మాట, అది ప్లీడర్ల కథలా చెప్తారు గానీ నాకు అలా అనిపించదు. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. కోర్టు మా ఊళ్ళోనే కూర్చోవాలి అని బాధితులు పట్టుబట్టారు, ఏళ్ళ తరబడి పట్టుబట్టారు, చివరికి స్పెషల్ కోర్టు చుండూరులోనే పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. పైన ఏమైందన్నది పక్కన పెట్టు, సాక్షులు 16 ఏళ్ళు నిలబడటం అనేది ఏ ప్లీడరు చేతిలోనూ లేని పని. అది సంఘం పని. సమతా అనే సంస్థ వేసిన కేసు కూడా అంతే, బొర్రా గుహల వైపు ఊళ్ళల్లో మైనింగు లీజుల మీద మొదలైంది, హైకోర్టులో ఓడి, సుప్రీం కోర్టులో 1997 జులైలో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒప్పుకుని ఒకరు కాదనగా గెలిచింది. షెడ్యూల్డు ఏరియాలో ప్రభుత్వ భూమి కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని. దాని పేరు చెప్పి దేశమంతా వాదిస్తారు, ఆ ఊళ్ళవాళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా కాపలా కాయాల్సే వచ్చింది.

ఇప్పుడు నా తప్పు. ఎన్‌రోల్ అయ్యాక నేను తీసుకున్న మొదటి కేసు ఆ ముసలమ్మదే. గడువు ఎప్పుడో దాటిపోయింది, ఆలస్యం మన్నించమని పిటిషనుతో అప్పీలు వేశా, 2009లో తిరిగి విచారణకి పంపారు, ఆ ‘మండలం’ కాగితం చూపించా, అటువైపు ప్లీడరు కూడా రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. 2012లో భూమి తిరిగి ఇప్పించమని ఆర్డరు. ముసలమ్మ అప్పటికి లేదు, కొడుకు పేరు మీద. రెవెన్యూ వాళ్ళు వచ్చి పంచనామా రాసి సంతకాలు తీసుకుని వెళ్ళారు. నేను స్వీట్లు పంచా. పది రోజులకి అటువైపు ట్రాక్టరు దిగి మొత్తం దున్నేసింది.

ఊళ్ళో ఎవరూ అడ్డం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు అని నాకు కోపం వచ్చింది, మీటింగు పెట్టమన్నా, 9 మంది వచ్చారు. ఇదివరకు అదే ఊళ్ళో నేను పిలిస్తే రెండొందల మంది వచ్చేవాళ్ళు, డప్పు కొట్టి వచ్చేవాళ్ళు. ఒకాయన చెప్పాడు, ‘మేడం గారు కోర్టులో చూసుకుంటున్నారు కదా అనుకున్నామండీ’.

మేడం గారు. ఎనిమిదేళ్ళు అక్కా అన్నవాళ్ళు. ఎప్పుడు మారిందో నేను గమనించనే లేదు. ఐదేళ్ళు నేను వాళ్ళతో మాట్లాడింది వాయిదాల గురించే, సంతకాలకి పిలిచా, వేలిముద్రలు తీసుకున్నా, ఫైలు నా బీరువాలో పెట్టుకున్నా. వాళ్ళ ప్లీడరు గారు చేసినదే నేనూ చేశా, కాకపోతే నేను మంచిదాన్ని అనుకుంటూ చేశా.

మళ్ళీ భూమి వచ్చింది కోర్టు వల్ల అని చెప్పను, కోర్టు లేకుండా అనీ చెప్పను. భూమి ఆక్రమించినందుకు, వెళ్ళగొట్టినందుకు అట్రాసిటీ చట్టం 3(1)(iv), (v) కింద (ఇప్పుడవి (ఎఫ్), (జి)) కంప్లైంటు పెట్టాం, ఆర్డరు నకలు పట్టుకుని సంఘం మొత్తం ఒక తెల్లవారుజామున వెళ్ళి జీడిమామిడి మొక్కలు నాటింది, కొడుకు కుటుంబం అక్కడే పాక వేసుకుంది, రాత్రిళ్ళు వంతులవారీగా పడుకున్నారు. నేను ఆ రాత్రుల్లో వెళ్ళలేదు, ప్లీడరు అక్కడ ఉంటే రేపు తనే సాక్షి అయిపోతుంది, ఇక ఆ కేసు వాదించడానికి వీలుండదు. అది కూడా మింగుకోవాల్సిన సంగతే. ఇంట్లో ఫోను పక్కన పెట్టుకు కూర్చునేదాన్ని.

అప్పట్నుంచి మూడు పద్ధతులు మార్చుకున్నా. ఫైలు రెండు సెట్లు, ఒకటి ఊళ్ళో, పాత ఇనప ట్రంకు పెట్టెలో, తాళం చెవి వాళ్ళ దగ్గర. ఒక్క కుటుంబం కేసైనా వాయిదాకి ముగ్గురు రావాలి, కోర్టులో ఏం జరిగిందో నేను కాదు, వాళ్ళే వెళ్ళి ఊళ్ళో చెప్పాలి, తప్పు చెప్పినా సరే, తర్వాత సరిచేసుకుంటాం. ఊరికి వెళ్ళేటప్పుడు కోటు కారులోనే ఉంటుంది. ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు తెలుసా, రూల్సులోనే ఉంది, కానీ ఎవడూ తియ్యడు.

కాబట్టి చదువు తమ్ముడూ. కానీ సంఘం వదిలి కాదు. మూడేళ్ళు కాలేజీ టౌనులో ఉంటావు, శని ఆదివారాలు ఊళ్ళు తిరుగు, నీ పని ఇంకొకరికి అప్పగించు, నువ్వు లేకుండా మీటింగు జరుగుతుందా లేదా అన్నది ఈ మూడేళ్ళలోనే తేలిపోతుంది. జరగకపోతే నువ్వు లాయరు అయ్యాక కూడా జరగదు. ఊళ్ళో ఆడవాళ్ళకి అప్పగిస్తే ఇంకా మంచిది, పాక వేసి రాత్రిళ్ళు కాపలా ఉన్నది ఎక్కువ మంది వాళ్ళే.

ఆ ప్లీడర్ని మార్చాలా అని చివర్లో అడిగావు. ఇప్పుడే మార్చకు. ముందు 14 ఫైళ్ళ నకళ్ళు తెచ్చుకో, పార్టీలే అప్లికేషను పెడితే సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు, ప్లీడరు సంతకం కోసం ఆగక్కర్లేదు. 1970 ముందువీ తర్వాతవీ అడంగళ్ళు సమాచార హక్కు కింద అడుగు, ఆంధ్రాలో మండలాఫీసులో అయితే 5 రూపాయలు, ఊళ్ళో అయితే అదీ లేదు, తెల్లకార్డు ఉన్నవాళ్ళతో పెట్టిస్తే ఎక్కడైనా ఉచితం. అటువైపు వేసిన కాగితాలు ఒక రాత్రి కూర్చుని, టీ పెట్టుకుని, నిదానంగా చదువు, సంఘంలో చదువుకున్న పిల్లల్ని కూడా కూర్చోబెట్టు. స్టాంపు వెనక ముద్ర చూడు, సాక్షుల పేర్లు చూడు, వాళ్ళలో ఆ తేదీకి పుట్టనివాడు ఎవడైనా ఉన్నాడేమో ముసలివాళ్ళని అడుగు. పైన తేదీ 1985 కన్నా ముందుది ఉండి లోపల ఎక్కడైనా మండలం అని కనపడిందనుకో, పేజీ ఫోటో తీసి నాకు పంపు, ఆ రోజే.